చేతికి అందని బిగువు

ఆ వీధిలో అందరూ ఆయన్ని బిగింపాయన అనేవారు. జీపుల మీద, వ్యాన్ల మీద సామాను పెట్టుకునే ఇనుప క్యారియర్లు అమర్చడం ఆయన పని. ఇంటి ముందు రేకుల షెడ్డులో ముప్పై ఏళ్ళుగా అదే చేస్తున్నాడు. మనిషి పుట్టుపిరికి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుంటాడు. తాళం వేశానా లేదా అని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తాడు. ఆయన మూత పెట్టిన సీసా తెరవాలంటే ఊరు ఊరంతా కదిలి రావాలని భార్య నవ్వేది. ఆ పిరికితనమే ఆయనకు అన్నం పెట్టింది. తను అమర్చిన క్యారియర్ దారిలో ఊడి ఎవరి మీదైనా పడుతుందేమోనని ఒక్కో బోల్టునూ మూడేసి సార్లు చూసేవాడు. దాంతో కొండదారుల్లో తిరిగే బళ్ళన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

ఆయన లెక్క అంతా వేళ్ళలో ఉండేది. బోల్టు బిగుస్తుంటే పానా పిడిలోంచి వేళ్ళకు కబురు అందేది, ఇక చాలని. పావు చుట్టు ముందు ఆపితే వదులు. పావు చుట్టు ఎక్కువైతే బోల్టు మీది మర చితికిపోతుంది. చితికిన మర పైకి బిగుసుకున్నట్టే కనిపిస్తుంది, బరువు పడ్డాక జారుతుంది.

నాలుగు నెలల కిందట ఆ కబురు రావడం మానేసింది. మొదట చొక్కా గుండీ దొరకలేదు. తర్వాత చేతిలో వాషర్ ఉందో జారిపోయిందో కళ్ళతో చూస్తేగాని తెలియలేదు. కుడిచేతి వేళ్ళు చివర్ల నుంచి మొద్దుబారుతూ వచ్చాయి. ఆయన ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. పేరు పెడితే జబ్బు నిజమైపోతుందని భయం. అసలే పిరికివాడు, ఇప్పుడు తన చేతిని చూసి తనే భయపడే రోజొచ్చింది.

అలాంటి రోజుల్లో మేనకోడలు జీపు తెచ్చి షెడ్డు ముందు ఆపింది. కొండ మీది ఊళ్ళలో చేతి పంపులు బాగుచేసే పని ఆమెది. పొడుగాటి ఇనుప గొట్టాలు మోసుకెళ్ళాలి. పాత ఇనుప కొట్టులో ఒక క్యారియర్ దొరికిందట, తాళ్ళతో కట్టుకుని తెచ్చింది.

"మావయ్యా, తుప్పు చూసి తిట్టకు. లోపల ఇనుము గట్టిదే" అంది.

"లోపల గట్టిదని మనుషుల గురించే చెప్పలేం, ఇనుము గురించి నువ్వెలా చెప్తావే?" అన్నాడాయన.

మూడు రోజులు దాన్ని వదల్లేదు. వైరు బ్రష్షుతో తుప్పు రాల్చాడు, వంగిన ఇనుప కాలును కాల్చి సుత్తితో సరిచేశాడు. చిన్న సుత్తితో క్యారియర్‌లోని ప్రతి గొట్టాన్నీ తట్టి చెవి పెట్టి విన్నాడు. ఒకచోట మోత చచ్చినట్టు వచ్చింది. రంగు గీకితే కింద లప్పం, లప్పం కింద వెంట్రుకంత పగులు. పాత యజమాని ఎవరో కప్పిపెట్టి అమ్మేశాడు. ఆయన పగులు తెరిచి వెల్డింగ్ చేసి మళ్ళీ తట్టాడు. ఈసారి మోత శుభ్రంగా వచ్చింది. చెవులు ఇంకా తనవేనని కాస్త ధైర్యం కలిగింది. ఎర్ర ప్రైమర్ పూసి, ఆరాక నల్లరంగు వేశాడు.

నాలుగో రోజు పొద్దున అమరిక. క్యారియర్‌కు ఆరు కాళ్ళు. జీపు పైకప్పు అంచున వాననీరు జారే గాడి ఉంటుంది. ఒక్కో కాలూ ఆ గాడిని పట్టుకోవాలి, దాన్ని ఒక్కో బోల్టు బిగించి ఉంచాలి. ఐదింటిని మణికట్టు బలంతో, కళ్ళతో ఎలాగో బిగించాడు. ఆరోది ముందు ఎడమవైపుది. తిప్పాడు. కబురు లేదు. ఇంకొంచెం తిప్పాడు. పానా సులువుగా కదిలినట్టనిపించింది. కదిలిందా? నిజంగా కదిలిందో, తన భయమే కదిలిందో తేల్చుకోలేకపోయాడు. నుదుటి చెమట కంట్లోకి కారింది.

"అయిపోయిందా మావయ్యా?" అని గొట్టాలు ఎత్తుతూ అడిగింది మేనకోడలు.

నోరు తెరిచాడు. చెప్పాలనుకున్న మాట వేరు. బయటికి వచ్చింది, "అయిపోయిందమ్మా."

ఆమె క్యారియర్‌ను రెండు చేతులా పట్టి ఊపింది. కదల్లేదు. "నువ్వు బిగించాక ఇంక చూడక్కర్లేదులే" అని నవ్వి, ఎనిమిది గొట్టాలు పైన కట్టి, చివర్లకు ఎర్రగుడ్డ కట్టి వెళ్ళిపోయింది.

ఆయన లోపలికి వచ్చాడు. భార్య ముందుగదిలో బట్టలు ఇస్త్రీ చేస్తోంది. నాలుగు వీధుల బట్టలు ఆమే ఇస్త్రీ చేసి స్కూటర్ మీద ఇచ్చి వస్తుంది. ఆయన ఇస్త్రీ బల్ల మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు, కిటికీలోంచి రోడ్డు చూస్తూ. ఈపాటికి ఊరు దాటి ఉంటుంది. గంటలో కొండ ఎక్కుతుంది. దారి పొడవునా నడిచే మనుషులు.

ఏదో మాడు వాసన. చొక్కా కాలుతోందేమో, చెబుదామనుకున్నాడు.

"చెయ్యి! చెయ్యి!" భార్య కేక పెట్టింది. ఆయన కుడిచేతి వేళ్ళు ఇస్త్రీపెట్టె అడుగుకు ఆనుకుని ఉన్నాయి. ఆమె మణికట్టు పట్టి లాగేసింది. వేలి కొసలు తెల్లగా ఉబ్బాయి. ఆయన వాటిని ఎవరివో అన్నట్టు చూశాడు.

"నొప్పి లేదా?" అడిగింది ఆమె.

"లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాడు. చివర్లో ఆరో బోల్టు సంగతీ చెప్పాడు.

ఆమె తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. చేతిని నీళ్ళ బకెట్లో ముంచి ఉంచి, మరో చేత్తో మేనకోడలికి ఫోను చేసింది. కలవలేదు. మళ్ళీ చేసింది. కలవలేదు. తడిగుడ్డ చుట్టి, స్కూటర్ తాళం తీసుకుని, "ఎక్కు" అంది.

స్కూటర్ వెనక కూర్చుంటే కళ్ళు మూసుకునే మనిషి ఆ రోజు రెప్ప వెయ్యలేదు. ప్రతి మలుపులోనూ రోడ్డు మీద గొట్టాలు కనిపిస్తాయేమోనని చూశాడు. ఒకచోట జనం గుమిగూడి ఉన్నారు. తీరా చూస్తే చెడిపోయిన బస్సు.

కొండదారి రెండో మలుపు దాటాక ముందొక లారీ, దాని వెనక నత్తలా జీపు. ఎర్రగుడ్డ ఊగుతోంది. ఊగడం గుడ్డ ఒక్కటే కాదు. ముందు ఎడమ మూల లేచి పడుతోంది.

"వెనకాల ఉండకు, పక్కకి! పక్కకి పోనియ్!" అని భార్యతో అరిచాడు.

పక్కన లోయ. ఎదురుగా ఏ బండి వస్తుందో తెలియదు. భార్య హారన్ మీద వేలు తియ్యకుండా, పళ్ళు బిగించి స్కూటర్‌ను జీపు పక్కకు నడిపింది. ఆయన కట్టుకట్టిన చేతిని అద్దం దగ్గర ఊపాడు. మేనకోడలు ఉలిక్కిపడి చూసి, అంచుకు తీసి ఆపింది.

ఆయన దిగి ఆరో కాలు దగ్గరికి వెళ్ళాడు. అది గాడిలో నాలుగు వేళ్ళ మేర వెనక్కి జరిగిపోయింది, జీపు రంగు మీద పొడుగ్గా గీత గీసుకుంటూ. బోల్టు ఎడమచేత్తో తిప్పితే ఉత్తినే తిరుగుతోంది. మర చితికిపోయింది.

మేనకోడలు అదంతా చూసింది. విషయం అత్తయ్య చెప్పింది.

"పొద్దున చెప్పుంటే నేనే బిగించుకునేదాన్ని కదా మావయ్యా" అంది. కోపం కన్నా భయమే ఎక్కువ ఉంది ఆ గొంతులో.

"చెప్తే ఇంక నా షెడ్డుకు ఎవరొస్తారు? అదొక్కటే వచ్చిన పని నాకు" అన్నాడు. అన్నాక సిగ్గుతో రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. "ఇవాళ నువ్వో, దారిన పోయేవాళ్ళెవరో పోయేవాళ్ళు. నా నోరు పెగల్లేదే."

ఆమె అత్తయ్యతో కలిసి గొట్టాలు ఒక్కొక్కటే దించింది. పనిముట్ల పెట్టెలో సరిపడే కొత్త బోల్టు వెతికి ఆమే వేసింది. ఆయన పక్కన నిలబడి, "ఆగు, పావు చుట్టు, చాలు" అని చెబుతూ వచ్చాడు. ఆమె మిగతా ఐదూ తనిఖీ చేసింది. రెండు కాస్త వదులు, వాటినీ బిగించి గొట్టాలు మళ్ళీ పైన కట్టింది. ఆ రోజు పైకి వెళ్ళకుండా అందరూ ఇంటికి తిరిగొచ్చారు.

మర్నాడు భార్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. చక్కెర జబ్బు ముదిరి నరాలు దెబ్బతిన్నాయట. మందులు వాడితే ఇంకా పాకకుండా ఆపవచ్చు, పోయిన స్పర్శ తిరిగొస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు. కాలిన వేళ్ళు మానడానికి నెల పట్టింది.

ఆ తర్వాత ఆయన కొలత చూసుకుని బిగించే పానా కొన్నాడు. కావలసినంత బిగువు రాగానే అది టక్కుమంటుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి పరాయి లెక్కను నమ్మడం. మొదట్లో ఆ టక్కును నమ్మలేక ఒకటికి రెండుసార్లు భార్యను పిలిచి వినమనేవాడు. వచ్చిన ప్రతివాళ్ళకీ పని మొదలుపెట్టకముందే చెప్పేవాడు: "నా వేళ్ళకు స్పర్శ లేదు. కొలత పానాతో బిగిస్తాను, చివర్లో మీరూ ఒకసారి చూసుకోండి." కొందరు మొహమాటంగా, ఇంకోసారి వస్తామని వెళ్ళిపోయారు. పోయేవాళ్ళను చూసి ఆయన బాధపడేవాడు, కానీ చెప్పడం మానలేదు. ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు. ఒక ముసలి డ్రైవరు మాత్రం, "ముప్పై ఏళ్ళలో ఏ మెకానిక్కూ నాతో నిజం చెప్పలేదయ్యా" అని బండి అక్కడే వదిలి టీకి వెళ్ళాడు.

మేనకోడలు ఇప్పటికీ అదే క్యారియర్‌తో కొండెక్కుతుంది. ఎక్కే రోజు ఆయన పొద్దుటి నుంచీ ముద్ద మింగడు. పైకి చేరానని ఆమె ఫోను చేసేదాకా వాకిట్లోనే నిలబడి ఉంటాడు.