సాంచాలు బందున్న నాడు గిటార్ డబ్బ

ఇట్ల కూసో బిడ్డా, మంచిగ ఇను. ఆ ఫోన్ల వేరే బొమ్మలు చూసుడు బంద్ చేసి నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. నడుమల నవ్వినవనుకో, మళ్ల మొదటికెల్లి చెప్త, తిప్పల నీదే.

రెండువేల పదకొండు అని రాయి. తెలంగాణ కొట్లాట జోరుమీదున్న ఏడు. సిరిసిల్లల సాంచాల వాడకట్టుల మన రేడియో దుకాణం. సాంచా అంటే మరమగ్గం అని కూడ రాయి, సదివేటోళ్లందరికి తెల్వది. మీ తాతకు కండ్లు మందగించినంక దుకాణం నేనే చూసుకున్న. ఆడమనిషికి గా పని ఎట్లచ్చిందని అందరడుగుతరు. మా అమ్మగారింట్ల చిన్నప్పటికెల్లి కండెలు చుట్టిన చేతులాయె ఇవి. దారం తెగకుంట, వరుస తప్పకుంట చుట్టాలె. ట్రాన్స్‌ఫార్మర్ కూడ గంతే, దారం జాగల రాగి తీగ. కరెంటును పెంచేది, తగ్గించేది గా చుట్లే. జగిత్యాల, కోరుట్ల మెకానిక్కులు కాలిపోయినయి మూటగట్టి నాకే పంపేటోళ్లు. కాయిల్ లచ్చక్క అంటే బస్సు కండక్టర్లకు సుత ఎర్కే.

ఒకనాడు పొద్దున్నే దుకాణం ముంగట ట్రాలీ ఆటో ఆగింది. అండ్లకెల్లి దేవదానం అని ఒక పిలగాడు దిగిండు. పెగడపల్లి దిక్కు. అమ్మ నాయిన కూలికి పోతరు, తాను స్లాబులు పోసే పనికి పోతడు. చర్చిల గిటార్ నేర్సుకున్నడు. ఉద్యమం పాటల టీముల ఆర్నెల్లకెల్లి తిరుగుతున్నడు. ట్రాలీల మూడు పాత గిటార్ ఆంప్లిఫైయర్లున్నయి. గిటార్ల పుట్టిన సన్న సప్పుడును పెద్దగ చేసే డబ్బలన్నట్టు.

"పెద్దమ్మా, మూడిట్ల ఒక్కటే నాది. ఏదుంచుకోవాల్నో నువ్వే చెప్పాలె" అన్నడు.

"ఎవలిచ్చిండ్రు రా గీ ఇనుప సామాను?"

"కోరుట్లల ఆర్కెస్ట్రా నడిపిన సారు పోయిండు గదా. ఆయన భార్య ఇచ్చింది. ఒకటి నువ్వు పెట్టుకో, రెండు వాపస్ తెచ్చియ్యి అన్నది."

"డప్పులుండంగ గీ డబ్బ ఎందుకు నీకు?"

పిలగాని మొకం చిన్నగైంది. "గదే మా రాజక్క కూడ అంటున్నది" అన్నడు. రాజక్క అంటే ఆ టీముకు పెద్ద. ఆమె గొంతెత్తితే మైకు అక్కర్లేదు. "నాలుగు డప్పుల నడుమ నీ తీగె ఒక్కనికి ఇనబడ్తలేదు. బంద్ నాడు సిరిసిల్ల చౌరస్తల ఇనబడాలె. లేకుంటే పోయి ఇంట్ల వాయించుకో, ఆటోల నీ జాగల ఇంకో డప్పు కూసుంటది" అని ఖరాఖండిగ చెప్పిందట. బంద్ ఇంక నాలుగు రోజులే ఉన్నది. "టీముల పాట లేకపోతే నాకు మళ్ల సిమెంటు తట్ట మోసుడే పెద్దమ్మా" అన్నడు. ఇగ నేనేం పరాచికాలాడలే.

మూడింటిని విప్పిన. గిప్పటి డబ్బలల్ల అన్నీ చిన్న చిన్న చిప్పులే, గవి పాతకాలపు వాల్వులవి. వాల్వ్ అంటే గాజుబుడ్డి, ట్యూబ్ అని కూడ అంటరు. బల్బు లెక్క ఏడెక్కితేనే పని చేస్తది, స్విచ్చేసినంక అర నిమిషం ఓపిక పట్టాలె. దాని సౌండుకు ఒక గుణమున్నది. మెల్లగ మీటితే నీళ్లోలె తేటగ ఉంటది. గట్టిగ కొడితే మనిషి ఏడ్పు ఆపుకుంట మాట్లాడినట్టు జెర జీర వస్తది. గా జీర కోసమే వాయించేటోళ్లు పాణమిస్తరు.

చిన్నదాన్ని మొదలు పెట్టిన, పిలగాడు తన గిటార్ తగిలిచ్చి వాయించిండు. సౌండ్ ఇచ్చే వాల్వ్ అండ్ల ఒక్కటే, స్పీకర్ పళ్లెమంత. జీర ఎంత తియ్యగున్నదంటే, దుకాణం ఎనుక ఇంట్ల మీ తాత మంచంల కూసొని, "ఎవలే పాడేది?" అన్నడు. సైకిల్ హ్యాండిల్‌కు తగిలిచ్చుకొని పోవచ్చు. కాని పక్క సందుల సాంచాలు నడుస్తుంటే వాటి సప్పుడుకే మునిగిపోయింది. ఇగ డప్పుల ముంగట ఏం నిలబడ్తది?

పెద్దదాంట్ల నాలుగు వాల్వులు, రెండు పెద్ద స్పీకర్లు. సప్పుడంటే సప్పుడు! అల్మారిల గిలాసలు కదిలినయి. కాని జీర రావాల్నంటే ఇల్లు కూలేదాంక పెంచాలె. అంతకు తక్కువ పెడితే రేకు మీద రాళ్లు పడ్డట్టే ఉంటది. "ఎత్తుకొని సందు చివరిదాంక పోయి రా" అన్న. సగం దూరంల కిందవెట్టి, నడుం పట్టుకొని నిలబడ్డడు. సాంచాల పిలగాండ్లు చూసి, "ఏందన్నా, బీరువ కొన్నవా?" అని ఒకటే నవ్వుడు. ఒక్క ఆటోల ఆరుగురు మనుషులు, నాలుగు డప్పులు పోవాలె. ఇది ఎక్కితే ఇద్దరు దిగాలె.

నడిమిది రెండు వాల్వులు, ఒక్క పెద్ద స్పీకరు. జీర చిన్నదానంత కాకున్నా మనసుకు పట్టేటట్టుంది. ఒక్క చేతితోని సందు చివరికి పోయచ్చిండు, ఎగపోసుకోలే. ఇద్దరికీ అదే నచ్చింది. సప్పుడొక్కటే జెర తక్కువ.

"ఇంక రవ్వంత పెరుగుతదా పెద్దమ్మా?"

పెరుగుతదని నేనెందుకన్ననో! తప్పు ఆడనే జరిగింది, మంచిగ రాసుకో.

గసొంటి డబ్బల ఎనుక గుండ్రటి బిళ్ల ఒకటుంటది. రెండు వందలు, రెండు వందల ఇరవై, రెండు వందల యాభై అని గీతలుంటయి. దాన్ని ట్యాప్ అంటరు. ఊర్ల కరెంటు ఎన్ని వోల్టులొస్తే ఆ గీత మీద పెట్టాలె. సిరిసిల్లల పొద్దంత సాంచాలు నడుస్తయి గదా, కరెంటు గుంజి గుంజి నూట తొంభైకి పడిపోయేది. గందుకే మా సిరిసిల్ల మెకానిక్కులం ఏ పాత సెట్టచ్చినా కండ్లు మూసుకొని ట్యాప్ రెండు వందల మీద పెట్టేటోళ్లం. అన్నంల ఉప్పేసినట్టు అలవాటైపోయింది. ఆ డబ్బ రెండు వందల యాభై మీదున్నది. తిప్పిన. గీత తగ్గిస్తే లోపలికి జోరు ఎక్కువ పోతది, సప్పుడు లేచింది. పిలగాడు నా కాళ్లు మొక్కి, మిగిలిన రెండూ కోరుట్లకు వాపస్ తీస్కపోయిండు. నేను ఖుషీగ చాయ్ తాగిన.

బంద్ నాడు పొద్దుగాల చౌరస్తల వంటావార్పు. రోడ్డు మీదనే పొయ్యిలు పెట్టి వండుకొని తినుడు, సర్కారుకు మా నిరసన అన్నట్టు. నేను ఇంట్లనే కూసొని వాళ్లకు పంపనీకి టమాటలు కోస్తున్న. వాడకట్టంత చడీచప్పుడు లేదు. ఒక్క సాంచా నడుస్తలేదు. మీ తాత, "ఫ్యాన్ తగ్గియ్యవే, ఎగిరిపోయేటట్టున్న" అన్నడు. పైకి చూసిన. ఫ్యాన్ రెక్క కండ్లకు ఆనుతలేదు. బల్బు తెల్లగ, చూడరాకుంట మండుతున్నది. మీటర్ పెట్టి చూస్తే రెండు వందల యాభై అయిదు!

చేతులున్న మీటర్ ఆడనే పడ్డది. గుంజే సాంచాలు లేకపోతే ఊరి కరెంటు ఊరుకుంటదా? ఆ పిలగాని డబ్బ రెండు వందల మీదున్నది. ట్రాన్స్‌ఫార్మర్ కాలుతది, లేకపోతే వాల్వులు పోతయి. అవి ఏ దుకాణంల దొరకయి. ఫోన్ చేస్తే ఎత్తడు, చేతుల గిటారుంటే ఎట్లెత్తుతడు? బంద్ గదా, ఆటోలు లేవు. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి ఉరుకుడే.

చౌరస్తకు రెండు సందుల దూరంలనే గిటార్ ఇనబడ్డది. ఏం చెప్పాలె బిడ్డా! గంత నిండుగ, గంత జీరతోని ఆ డబ్బ ఎన్నడు పలకలే. డప్పులను మించి పోతున్నది. జనం ఈలలు కొడుతున్నరు. ఎవలన్న అయితే సంబరపడేటోళ్లు, నేను ఇంక జోరుగ ఉరికిన. ఆరిపోయే ముందు దీపం ఎగిసినట్టే ఉన్నది ఆ సౌండ్.

స్టేజీ లేదు, రోడ్డు మీదనే గుంపు. ఎనుకకెల్లి దూరి డబ్బలకు తొంగి చూసిన. వాల్వుల లోపలి రేకు, దాన్ని ప్లేట్ అంటరు, రొట్టెల పెనం లెక్క ఎర్రగ కాలుతున్నది. మైనం వాసన షురూ అయింది. అంటే ట్రాన్స్‌ఫార్మర్ చుట్లకు పూసిన మైనం కరగబట్టింది. ఇప్పుడు బంద్ చేస్తే నడిపాటల పిలగాని పరువు పోతది. చెయ్యకపోతే డబ్బనే పోతది.

స్విచ్ బంద్ చేసిన.

దేవదానం గిర్రున తిరిగిండు. "పెద్దమ్మా! ఏం చేస్తివే!" అన్నడు. ఏడ్పొక్కటే తక్కువ. రాజక్క పాడుకుంటనే నా దిక్కు ఉరిమి చూసింది. నేను పక్కనున్న డప్పు ఆయనతోని, "కొట్టు బిడ్డా, ఆపకు, దంచు!" అన్న. అతడు దంచిండు. జనం చప్పట్లు అందుకున్నరు. పాట తెగలే.

ట్యాప్ తిప్పుదామంటే దాని గాడిల పెట్టనీకి చేతుల ఏం లేదు. "రూపాయి బిళ్లుందా నాయినా?" అని గుంపుల ఒకాయననడిగితే, "ఇప్పుడే చందా ఇచ్చిన గదమ్మా!" అన్నడు. "చందా గాదు నీ మొకం, తియ్యి!" అని గుంజుకొని, దాంతోని ట్యాప్‌ను రెండు వందల యాభైకి తిప్పిన. స్విచ్చేసిన. ఇగ అర నిమిషం. ఆ అర నిమిషం ఎంత పొడుగో రాయనీకి నీ ఫోన్ల జాగ చాలది. పిలగాడు తీగెల మీద చెయ్యి పెట్టి మొక్కినట్టు నిలబడ్డడు. గాజుబుడ్లు మెల్లగ పండు వన్నెకొచ్చినయి. ప్లేట్ నల్లగనే ఉన్నది. ఒక్క తీగె మీటిండు.

పలికింది! నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మైనం అంచులకే కరిగింది, తీగె కాలలే. నా చుట్లు నన్ను కాపాడినయి అనుకుందామంటే అవి నేను చుట్టినయి కావాయె, ఎవరో తెల్వని మనిషివి. ఆయనకు దండం.

కాని సప్పుడు మళ్ల తగ్గింది, డప్పుల కిందికి పోతున్నది. రాజక్క కనుబొమ్మలు ముడిపడ్డయి. అప్పుడు చూసిన, డబ్బ నేల మీదున్నది. దుకాణంల నేను బల్ల మీద పెట్టి ఇన్న. ఇక్కడ దాని మొకం జనం మోకాళ్ల దిక్కుంది. సౌండంత లుంగీలకు, చీర కుచ్చిళ్లకే వినిపిస్తున్నది! చెవికెట్ల పోతది? పొయ్యికాడ ఖాళీ వంట గుండిగ ఒకటుంటే బోర్లిచ్చి, దాని మీద డబ్బనెక్కిచ్చి, ఎనుక భాగం జెర వంచి మొకం పైకి చేసిన. గంతే. గిటార్ జనం చెవులల్ల పడ్డది. ఎనుక పప్పు కలిపే ఆడోళ్లు గంటె ఆపి చూసిండ్రు.

పాటైనంక రాజక్క వచ్చింది. ఇద్దరం దొంగలోలె నిలబడ్డం. "తప్పు నాదే బిడ్డా, ఊరి కరెంటు చూసుకోకపోతిని" అన్న. ఆమె నా దిక్కు చూడనే లేదు. "రేపు జగిత్యాల. ఆరింటికల్ల తయారుండు. ఆటోల జాగుంది, డబ్బ నీ ఒళ్లె పెట్టుకో" అని దేవదానానికి చెప్పి, నీళ్లు తాగనీకి పోయింది.

వాడు రోడ్డు మీదనే కూలబడి నవ్వబట్టిండు. నేనూ పక్కనే కూసున్న. ఎవరో ఇస్తార్ల అన్నం, పప్పు పెట్టిండ్రు. తినుకుంట మెల్లగ అడుగుతున్నడు, "పెద్దమ్మా, గా ముందటి సౌండ్ మళ్లొక్కసారి రాదా?"

"నోరు మూసుకొని తిను రా!" అన్న.

గప్పటికెల్లి నేను నేర్సుకున్నదేందంటే బిడ్డా, సరిగ రాయి, సామాను యాడ వాయిస్తరో ఆ ఊరి కరెంటు అడగకుంట ట్యాప్ ముట్టద్దు. ఇంకొకటి గూడ ఉన్నది, అది దీనికన్న పెద్దది. ఎవలదన్న మాట ఇనబడ్తలేదంటే మనం దాని బలమే పెంచుతం గాని, ముందు దాన్ని లేపి, మనుషుల మొకాన పెట్టి... ఆఁ? వస్తున్ననే! ఇనబడ్డది, జొన్నరొట్టె సల్లారుతుందని ఇనబడ్డది! లే బిడ్డా, మీ అమ్మ కేకలేస్తుంది, యాడిదాంక రాసినవ్, మనుషుల మొకాన పెట్టి