గొలుసు ప్రార్థనలో నా వంతు

నా చిన్నప్పుడు నర్సీపట్నంలో మా వీధి మొత్తానికి తొందర మనిషెవరని అడిగితే, మాటలు రాని పిల్లలు కూడా మా పక్కింటి వైపే చెయ్యి చూపించేవారు. ఆ ఇంట్లో బజ్జీల అత్త ఉండేది. మాకు చుట్టం కాదు, ఒకే చర్చి వాళ్ళం కాబట్టి అత్త. భర్త జ్వరంతో పోయాక, బస్టాండు దగ్గర రోజూ సాయంత్రం బజ్జీలు, గారెలు వేసి ఇద్దరాడపిల్లల్ని పెంచుకొచ్చింది. ఆవిడకి నడకంటే పరుగే, మాటంటే కేకే. "బేగి కానీ" అన్నది ఊతపదం. ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారి ప్రసంగం కాస్త సాగిందంటే చాలు, వెనక వరసలోంచి ఓ దగ్గు వినిపించేది. ఆ దగ్గు ఎవరిదో, ఎందుకొచ్చిందో అయ్యగారికీ తెలుసు.

నా సంగతి దానికి పూర్తిగా ఎదురు. నాకు నత్తి. ఇప్పుడు నా నోరు మూయించడం మా మనవల తరం కూడా కాదు గానీ, పదేళ్ళప్పుడు ఒక్క మాట బయటపడాలంటే ప్రాణం మీదికి వచ్చేది. అందులోనూ 'ప'తో మొదలయ్యే మాటైతే పెదవులు అతుక్కుపోయి ఊడేవి కావు. బళ్ళో పద్యం అప్పజెప్పమంటే నేను నోరు తెరవకముందే వెనక బెంచీలో నవ్వు మొదలయ్యేది. అందుకని నోరు తెరవడమే తగ్గించేశాను. నెమ్మదైన పిల్ల అని అందరూ మెచ్చుకునేవారు. నెమ్మదా నా మొహమా!

శుక్రవారం నాలుగింటికి మా వీధి ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. వారానికొకరి ఇంట్లో. చాపలు పరిచి గుండ్రంగా కూర్చుని, ఒక పాట పాడుకుని, ఒక వాక్యం చదువుకుని, చివర్లో గొలుసు ప్రార్థన చేసేవారు. అంటే అందరూ కొంగులు తల మీద కప్పుకుని కళ్ళు మూసుకుంటే, ఒకరి తరవాత ఒకరు వరసగా ప్రార్థించడం. ఒకరు ఆమేన్ అనగానే పక్కవారు అందుకోవాలి. కూడికను నడిపించేది బజ్జీల అత్తే. ఆవిడ చేతిలో ఉంది కాబట్టి గంటలో తేలేది, లేకపోతే మా వాళ్ళలో కొందరు ఆదాము దగ్గర మొదలుపెట్టి మా వీధి దాకా వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయ్యేది. ఐదింటికి చింతపల్లి బస్సు మా వీధి మలుపులో హారన్ కొట్టేది. ఆ బస్సు దిగే జనమే అత్త బేరం. హారన్ వినబడిందంటే ఎవరి ప్రార్థన నడుస్తున్నా సరే, ఆవిడ లేచి, కళ్ళు మూసుకునే చెప్పులు వెతుక్కునేది. దేవుడు ఏమీ అనుకోడని తనే తీర్పు చెప్పేసేది.

పిల్లలు కూడా గొలుసులో కూర్చోవాలి. నాకు అక్కడే చావొచ్చేది. నా వంతు దగ్గరపడుతుంటే మంచినీళ్ళకని లేచేదాన్ని. ఒక్కోసారి నిద్రపోయినట్టు నటించేదాన్ని. తప్పించుకోలేని రోజున 'ప్ర… ప్ర…' అని అక్కడే ఆగిపోయేదాన్ని. అప్పుడు నా పక్కన కూర్చునే టీచరమ్మగారు నా తొడ మీద చెయ్యి వేసి, "ఈ పసిబిడ్డ మనసులోని మాట నీకు తెలుసు తండ్రీ" అని తనే అందుకుని నా వంతు ముగించేసేవారు. ఎంత మంచి మనిషో! ఆవిడ చెయ్యి పడగానే హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. తీరా ఇంటికెళ్ళాక ఏడుపొచ్చేది, ఎందుకో తెలిసేది కాదు.

ఇక్కడ నా పిచ్చి నమ్మకం ఒకటి చెప్పాలి. మా పెద్దవాళ్ళ ప్రార్థన ఎప్పుడూ ఒక పెద్ద పిలుపుతో మొదలయ్యేది. "ప్రేమగల, పరిశుద్ధుడవైన మా పరలోకపు తండ్రీ" అని. నా ఖర్మ కొద్దీ అన్నీ 'ప'లే! ఆ పిలుపు లేకుండా ప్రార్థన పైకి వెళ్ళదని నేను గట్టిగా నమ్మాను. చిరునామా రాయని ఉత్తరం ఏ ఊరు చేరుతుంది? ఆ లెక్కన పుట్టిన దగ్గర్నుంచి నా ప్రార్థన ఒక్కటీ దేవుడికి చేరలేదు.

ఆ ఏడు వానలు తగ్గాక మా నాన్న మాకవరపాలెంలో ఒక ఇంటి పని చేస్తూ గోడ మీంచి వెల్లకిలా పడిపోయాడు. తాపీ పని ఆయనది. నడుం దెబ్బతిని కాళ్ళు కదల్లేదు. విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు. అమ్మ ఆయనతో వెళ్ళింది, నేను మామ్మ దగ్గర, అంటే నాన్న తల్లి దగ్గర, ఉండిపోయాను. ఇంటింటా ఫోన్లు లేని రోజులవి, ఎవరైనా బస్సు దిగి చెబితేనే కబురు. గురువారం మా బాబాయి వచ్చి శనివారం పొద్దున్న ఆపరేషనని చెప్పాడు. చేసినా లేచి నడుస్తాడని డాక్టర్లు మాట ఇవ్వలేదట. మామ్మ మోకాళ్ళ మీద పడి ప్రార్థించింది. అయ్యగారు వచ్చి ప్రార్థించారు. ఊరంతా అడుగుతోంది, నేనొక్కదాన్నే అడగలేదు. అందరికీ ఆయన తాపీమేస్త్రీ, నాకు నాన్న కదా! నా నోటితో నేను అడగకపోతే ఆయన ఇక లేవడనిపించింది. నవ్వకండి, పదేళ్ళ పిల్లకి అది మోయలేని బరువు.

శుక్రవారం మధ్యాహ్నం బడి ఎగ్గొట్టి, పెరట్లో గోడ వైపు తిరిగి ఆ పెద్ద పిలుపు సాధన చేశాను. ఎన్నిసార్లన్నా మొదటి అక్షరం దాటలేదు. గారెల పప్పు రుబ్బుకోవడానికి అత్త రోజూ మా పెరట్లో రోలు దగ్గరికే వచ్చేది. ఎంతసేపటి నుంచి నన్ను చూస్తోందో తెలియదు.

"ఏటే గుంటా, గోడకి పాటం సెప్తన్నావేటి?" అంది.

ఏడుస్తూ, నత్తి కొడుతూ, నాన్న సంగతీ పిలుపు సంగతీ అంతా చెప్పేశాను. నేను చెప్పడం అయ్యేసరికి పప్పు సగం నలిగింది. ఆవిడ ఒక్కసారి కూడా 'బేగి కానీ' అనలేదు. అప్పుడు నేను గమనించలేదు గానీ, అదే పెద్ద వింత.

"పెద్ద పిలుపు లేకపోతే ఆయనకి ఇనపడదని ఎవులు సెప్పినారే నీకు?" అని పొత్రం ఆపి నా వైపు చూసింది. "సాయంత్రం నా పక్కన కూకో. మంచినీళ్ళకని లెగిసినావో, సెవి మెలిపెట్టెస్తాను."

ఆ వారం కూడిక మా ఇంట్లోనే. నాన్న కోసమని పక్క వీధి వాళ్ళు కూడా వచ్చారు, చాపలు చాలక గోనెసంచులు పరిచాం. నాకు ఒక పక్క అత్త, ఇంకో పక్క టీచరమ్మగారు. పాట అయింది, వాక్యం అయింది, గొలుసు మొదలైంది. ఒక్కొక్కరు మా నాన్న పేరెత్తి అడుగుతుంటే నా వంతుకి ఇంకా ఎందరున్నారో లెక్కపెట్టుకున్నాను. అత్త ప్రార్థన ఎప్పట్లాగే రెండు ముక్కల్లో అయిపోయింది. ఆమేన్ అంది. ఇక నేను.

"ప్ర…" అన్నాను. అంతే, ఆగిపోయింది. అలవాటు ప్రకారం టీచరమ్మగారి చెయ్యి నా తొడ మీద పడింది. "ఈ పసిబిడ్డ మనసులోని…" అని ఆవిడ అందుకున్నారు.

"ఆగండి టీసరమ్మగోరూ," అంది అత్త, కళ్ళు తెరవకుండానే. "వొంతు గుంటది. దాని నాయన కోసం అదే అడుగుద్ది. మనకేటి, కూకుందారి."

టీచరమ్మగారి చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ ప్రయత్నించాను, మళ్ళీ ఆగింది. ఎవరూ దగ్గలేదు, ఎవరూ సాయం రాలేదు. ఒక కోడి చాపల మధ్యకి వచ్చి, అటూ ఇటూ చూసి, తనే వెళ్ళిపోయింది. ఎవరిదో చంటిపిల్ల ఏడ్చి ఊరుకుంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. అందరూ తలలు వంచుకుని అలాగే ఉన్నారు. ఎవరి మొహంలోనూ విసుగు లేదు, నవ్వు లేదు. మా మామ్మ పెదవులు మాత్రం కదులుతున్నాయి. అంతలో వీధి మలుపులో చింతపల్లి బస్సు హారన్ కొట్టింది.

అయిపోయింది అనుకున్నాను. ఇక అత్త లేస్తుంది, కూడిక ముగుస్తుంది, నేను అడగకుండానే శనివారం తెల్లవారుతుంది. అత్త కదిలింది కూడా. కానీ లేవలేదు. మఠం ఇంకాస్త కుదురుగా వేసుకుని, జారిన కొంగు తల మీదికి లాక్కుని, స్థిరంగా కూర్చుంది. బస్సు రెండోసారి హారన్ కొట్టి బస్టాండు వైపు వెళ్ళిపోయింది. ఆవిడ బేరమంతా ఆ బస్సుతోపాటే పోయింది. అత్త మాత్రం నా పక్కనే ఉంది.

అప్పుడు నా గొంతులో పట్టు సడలింది. ఈ తొందర మనిషే నా కోసం ఇంతసేపు ఆగగా లేనిది దేవుడు ఆగడా అనిపించింది. పెద్ద పిలుపు వదిలేశాను. ఇంట్లో మాట్లాడుకునే మాటే నోటికి వచ్చింది.

"దేవా… మా… మా నాయన లె… లెగాల. న… నడవాల. బేగి… ఇ… ఇంటికి రావాల. అమ్మ కూడాని. ఆ… ఆమేన్."

ఇల్లంతా ఒక్క గొంతుతో ఆమేన్ అంది. అలాంటి ఆమేన్ నేను అంతకుముందు వినలేదు. వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. టీచరమ్మగారు నన్ను దగ్గరికి లాక్కుని ఏడ్చేశారు. అత్త మాత్రం చటుక్కున లేచి, "ఓలమ్మో, నా పొయ్యి!" అంటూ చెప్పులు కూడా లేకుండా పరుగెత్తింది. ఆ రాత్రి అమ్ముడుపోని గారెలన్నీ తెచ్చి వీధిలో పంచిపెట్టింది. ఆవిడకి నష్టం వచ్చిందని మా మామ్మ తెగ బాధపడింది, బాధపడుతూనే నాలుగు తింది.

ఆపరేషన్ బాగా జరిగిందని ఆదివారం కబురొచ్చింది. నాన్న ఇల్లు చేరడానికి మాత్రం మూడు నెలలు పట్టింది. చేతికర్ర పట్టుకుని తన కాళ్ళ మీద తనే చర్చి మెట్లెక్కిన రోజున అయ్యగారు, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పేవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. నాన్న కర్ర అందుకునేలోపే నేను లేచి నిలబడ్డాను. అమ్మ కంగారుగా నా గౌను పట్టుకుని లాగింది. నేను కూర్చోలేదు. దేవుడు మా నాన్నని లేపాడని చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ, చర్చి చర్చంతా కూర్చుని వింది. 'ప' వచ్చిన చోటల్లా ఆగాను, వాళ్ళూ ఆగారు. చివరి మాట అనేసరికి వెనక వరసలోంచి అత్త గొంతు "స్తోత్రం!" అని చర్చి అదిరేలా మోగింది. ఆ రోజు అయ్యగారే ప్రసంగం కుదించుకోవాల్సి వచ్చింది. రాజ్యం గెలిచినదానిలా తలెత్తుకుని మెట్లు దిగాను, నాన్న చెయ్యి నా భుజం మీద ఉంది.

నేను అడగబట్టే నాన్న నడిచాడని మాత్రం ఇప్పుడు చెప్పను. అంతకన్నా కన్నీళ్ళతో అడిగినవాళ్ళ ఇళ్ళల్లో మంచాలు ఖాళీ అవడం చూశాను. అత్త భర్త కోసం చర్చంతా ఉపవాసాలున్నారు, ఆయన దక్కలేదు. అయినా కూడికను నడిపించింది ఆవిడే. నాకు పెళ్ళి కుదిరాక ఒక రోజు ధైర్యం చేసి, ఆనాడు బేరం పోగొట్టుకుని ఎందుకు కూర్చున్నావత్తా అని అడిగాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది.

"మా ఆయన పోయినప్పుడు నాకూ నోరు పెగల్లేదే. ఆర్నెల్లు ఒక్క ముక్క ప్రార్థన రాలేదు. మీ మామ్మ రోజూ వొచ్చి నా పక్కన ఊరికే కూకుండీది. బేగి సెయ్యమని ఒక్కనాడు అన్లేదు. ఆయనా అన్లేదు."

పైకి చూపించలేదు, చేతులు జోడించలేదు. ఆ ఆయన ఎవరో నాకు తెలిసింది.

నత్తి నన్ను పూర్తిగా వదల్లేదు. రోలుగుంట అంగన్‌వాడీలో పిల్లలకి కథలు చెప్పిన అన్నేళ్ళూ అది నాతోనే ఉంది. ఇప్పుడు శుక్రవారం కూడికను నేనే నడిపిస్తున్నాను, గొలుసులో ఎవరి మాట ఆగినా అందుకోను, ఎవర్నీ అందుకోనివ్వను. ఇంట్లో ఒంటరిగా ప్రార్థిస్తుంటే నా మాటా ఆగుతుంది. కొన్ని రోజులు నత్తి వల్ల, కొన్ని రోజులు దుఃఖం వల్ల. ఒకప్పటిలా సిగ్గుపడను, భయపడను. వినేవాడు లేచి వెళ్ళిపోడని నాకు పదేళ్ళ వయసులోనే తెలిసిపోయింది.