వంటగది లేని ఇల్లు

మా ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది అద్దెకు తీసుకోవాలన్నా ముందు నన్నే తోస్తారు. నా తెలివి మీద గౌరవం ఉండి కాదు, ఎవరి మాటా ఒక పట్టాన నమ్మనని తెలిసి. పుచ్చకాయల వాడు కాయకు గాటు పెట్టి ఎర్రగా ఉందని చూపిస్తే, ఆ గాటు సరిగ్గా అక్కడే ఎందుకు పెట్టావని అడిగే రకాన్ని నేను. మా ఆయన "అనుమానం పెనుభూతం" అని సామెత చదువుతారు గానీ, బేరం ఆడాల్సి వచ్చిన రోజున ఆ భూతాన్నే బండి వెనక ఎక్కించుకుని తీసుకెళ్తారు.

అలాగే ఫామ్‌హౌస్ వెతికే పని కూడా నాకే పడింది. మా అత్తవారంతా గోదావరి వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి విశాఖలో స్థిరపడ్డవాళ్ళు. మా ఆయన అన్నగారు, అంటే మా బావగారు, ఉక్కు ఫ్యాక్టరీలో. మా ఆయన పోర్టులో. ఆడపడుచు, వాళ్ళాయన గోపాలపట్నంలో మా వీధి చివరే ఉంటారు. ఏడాదికోసారి మూడు కుటుంబాలూ కలిసి ఊరి బయట ఎక్కడో ఒక ఇల్లు తీసుకుని రెండు రోజులు ఉండి వస్తాం. హోటల్ కాదు. ఇల్లు మొత్తం మనకే ఇచ్చి, వంట మనమే వండుకోమంటారు. ఆనందపురం దాటితే ఇప్పుడు మామిడితోటకొకటి, జీడితోటకొకటి అలాంటి ఇళ్ళు లేచాయి.

వంట మనమే ఎందుకంటే, మా బావగారికి బయటి తిండి పడదు. సర్వీసంతా ఇంటి క్యారియర్‌తోనే గడిపిన మనిషి. "మీ అక్క ఉండగా మనకు హోటల్ కూడెందుకమ్మా" అంటారు. అది ఆవిడకిచ్చే మెచ్చుకోలు అనే ఆయన నమ్మకం.

ఆ అక్క నా పెద్ద తోడికోడలు. నేను ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచి ఆవిడ స్టవ్ దగ్గరే ఉంది. కిందటేడు అరకులో ఇల్లు తీసుకున్నాం. కొండలు, మబ్బులు, కాఫీ తోటలు అని అందరం ఊగిపోయి ఫోటోలు దిగాం. ఆవిడ మాత్రం వచ్చిన దగ్గర్నుంచి ఉప్మా, సాంబారు, కోడికూర, మళ్ళీ టీ. తిరుగు ప్రయాణంలో "అరకు ఎలా ఉందక్కా" అని మా ఆడపడుచు అడిగితే, "కిటికీలోంచి కనపడ్డంత మేరకు బాగానే ఉంది" అంది. ఇంటికొచ్చాక కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి నేనే జడ వేసేదాన్ని. బరువులెత్తొద్దని, పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరు చెప్పాడు. బావగారు తలూపి, "విన్నావా, మెల్లగా చేసుకో" అన్నారు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఈసారి ఆ రెండు రోజులూ అక్క కూర్చోవాలి, అందరితో పాటు కూర్చుని తినాలి. నాకు అదొక్కటే కావాలి. వంటవాణ్ణి పెడదామంటే బావగారు ఒప్పుకోలేదు. ఆనందపురం నుంచి క్యాటరింగ్ తెప్పిద్దామంటే ఏ నూనె వాడతారో అన్నారు. అనుమానం నా సొత్తనుకున్నాను గానీ, నూనె విషయంలో ఆయన నన్ను మించిపోయారు. కాబట్టి నేను నా బుర్రతో ఒక ఉపాయం ఆలోచించాను. మంచి వంటగది ఉన్న ఇల్లు వెతకాలి. మిక్సీ, గ్రైండర్, నాలుగు బర్నర్ల స్టవ్, కూర్చుని తరుక్కోవడానికి ఎత్తు స్టూలు. అన్నీ అమరితే అక్క పని సగానికి సగం తగ్గుతుంది కదా.

ఇక వేట మొదలుపెట్టాను. ఫోటోల్లో ఈతకొలను సముద్రంలా ఉండేది. పక్కన మనిషి లేకుండా తీసిన ఫోటో అయితే నేను నమ్మను, కొలత తెలియకుండా అలా తీస్తారు. మంచం మీద హంసల్లా మడిచిన తువ్వాళ్ళు ఉన్నాయంటే గోడకు చెమ్మ ఉన్నట్టు లెక్క, మన చూపు హంసల మీదికి మళ్ళించాలని. ఇక కింద జనం రాసిన పొగడ్తలన్నీ ఒకే గొంతులో ఉండేవి. ఒక చోటికి వెళ్ళి చూస్తే వంటగదిలో మెరిసే చిమ్నీ ఉంది. దాని గొట్టం ఎటు పోతుందా అని స్టూలెక్కి చూశాను. ఎటూ పోలేదు, అటకలోకి దూరి అక్కడే ఆగిపోయింది. "వాడుకునేవాళ్ళు తక్కువ మేడమ్, అందరూ బయటినుంచే తెప్పించుకుంటారు" అన్నాడు మేనేజరు. ఏ పుట్టలో ఏ పాముందో స్టూలెక్కితే గానీ తెలియదు.

చివరికి ఒకటి దొరికింది. నిజమైన వంటగది. కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి, చిమ్నీ గాలి పీల్చింది, ఫ్రిజ్ లోపల వాసన లేదు. మూల మూలకూ వీడియో తీసి ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. బావగారు రెండు బొటనవేళ్ళు పంపారు. మా ఆడపడుచు గుండె బొమ్మ పెట్టింది. అక్క మాత్రం "బాగుంది" అని ఒక్క మాట రాసి ఊరుకుంది.

ఆ మర్నాడు మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది. పండక్కి చీర రంగు కూడా ఎవరో ఒకరు చెబితేనే తీసుకునే మనిషి, "ఆ జీడితోటలో ఇల్లు ఉందన్నావే, దాన్ని ఒకసారి చూసి రాకూడదూ?" అంది.

"దానికి వంటగది లేదక్కా. అందుకే కొట్టేశాను."

"అయినా చూసి రా. గాలి బాగుంటుందిట."

గాలి బాగుంటుందని ఈవిడకు ఎవరు చెప్పారు? నాకు వెంటనే బావగారి మీదికి పోయింది అనుమానం. ఆ తోట యజమానితో ఆయనకు ఏదో మొహమాటం ఉండి ఉంటుంది, తను అడిగితే నేను గుచ్చి గుచ్చి అడుగుతానని పెళ్ళాం చేత అడిగిస్తున్నారు. లేకపోతే తోట పక్కన స్థలం ఏదో అమ్మకానికి ఉంది, అందరికీ చూపించే ఎత్తు. మా ఆయనతో ఈ మాటంటే, "మా అన్నయ్యకి అంత బుర్రే ఉంటే బాగుణ్ణు" అన్నారు.

ఆదివారం ఇద్దరం వెళ్ళాం. ఇల్లు పాతదే కానీ శుభ్రంగా ఉంది. గదులు చల్లగా ఉన్నాయి, చుట్టూ జీడిచెట్లు. యజమాని ఆ ఊరి రైతే. ఆయన గొంతు వింటుంటేనే నాకు అబద్ధాలు వెతికే ఓపిక తగ్గిపోయింది.

"వంటగది నేదమ్మా, ఉందని నానెక్కడా సెప్పనేదు" అన్నాడు. "ఎనకాల గాడిపొయ్యి ఉంది. పెద్ద గుండిగలు, గరిటెలు, మూతలు అన్నీ ఉన్నాయి. కట్టెలు నానే ఇత్తాను."

వెనక రేకుల పాక కింద నేలలో పొడుగ్గా గాడి తవ్వి ఉంది, పెళ్ళిళ్ళలో వంటలకు తవ్వినట్టు. పక్కన మనిషి కూర్చునేంత గుండిగలు బోర్లించి ఉన్నాయి. వాటిని చూడగానే అక్క భుజం గుర్తొచ్చింది. ఆ గుండిగను ఎత్తడం కాదు, జరపడం కూడా ఆవిడ వల్ల కాదు. "సరే, ఆలోచించి చెబుతాం" అని వెనక్కి తిరిగాను. ఆ మాటకు అర్థం ఆయనకూ తెలుసు.

"మరి మొన్న మీ ఇంటోళ్ళే ఫోన్ సేసినారు కదమ్మా" అన్నాడాయన. "ఎవరో అమ్మగోరు. లోపల గేసు పొయ్యి ఉందా అనడిగినారు. నేదమ్మా అని నాను బయపడతా సెప్తే, అమ్మయ్య అన్నారు. ఏటి, ఈయమ్మ ఇలగన్నారేటి అనుకున్నాను."

మావాళ్ళు కాదు, గిరాకీ ఉందని చూపించడానికి ఇదో ఎత్తు అనుకున్నాను. నంబరు చూపించమన్నాను. పాపం, నవ్వుతూ ఫోన్ తీసి చూపించాడు. అక్క నంబరే.

దారంతా మా ఆయన ఏదో మాట్లాడుతూనే ఉన్నారు గానీ నేను వినలేదు. గ్యాస్ స్టవ్ లేదంటే అమ్మయ్య అనడమేమిటి? కట్టెల పొయ్యి మీద వండి అందరి చేతా ఆహా అనిపించుకోవాలని ఉందా ఈవిడకి? నేను ఎండలో తోటలన్నీ తిరిగి ఆవిడ భుజం కోసం వంటగదులు వెతుకుతుంటే, ఆవిడ నాకు చెప్పకుండా నా వెనక ఫోన్లా? కోపం వచ్చింది, కోపం కన్నా ఎక్కువగా మనసు నొచ్చుకుంది. బండి దిగి సరాసరి వాళ్ళింటికే వెళ్ళాను. అక్క బెండకాయలు తరుగుతోంది, ఎడమ చేత్తో.

"ఫోన్ చేశావుట" అన్నాను.

గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటుందనుకుంటే, తల కూడా ఎత్తలేదు. "ఆ ఇల్లే తీసుకో" అంది. "ఇంకేమీ అడక్కు. ఒక్క పని చెయ్యి. బయల్దేరే రోజున చిన్న గ్యాస్ స్టవ్ తెస్తామంటారు, టీకి ఉంటుందని. దాన్ని మాత్రం కారెక్కనివ్వకు."

ఆ ఇల్లే తీసుకున్నాను. నమ్మకం కుదిరి కాదు, ఆవిడ నోరు తెరిచి నన్ను ఒకటి అడగడం అదే మొదలు. బయల్దేరే రోజు పొద్దున్న కారు డిక్కీ తెరిచి చూశాను. దుప్పట్ల కింద స్టవ్వూ, చిన్న సిలిండరూ ఉండనే ఉన్నాయి. తీసి మా మెట్ల కింద పెట్టి, పైన గోనె కప్పి వచ్చాను.

తోటకు చేరగానే బావగారు ఇల్లంతా ఒక చుట్టు తిరిగారు. "వంటగది ఏదమ్మా?" అన్నారు నన్ను. వెనక పాక చూపించాను. ఇప్పుడు "ఏమేవ్" అని అక్కను పిలుస్తారు, ఆవిడ ఆ మంట ముందు కూలబడుతుంది, తప్పు నాది అవుతుంది. నేను గరిటె లాక్కోవడానికి సిద్ధంగా నిలబడ్డాను.

బావగారు గాడిపొయ్యి చుట్టూ తిరిగారు. గుండిగ మీద వేళ్ళతో కొట్టి చూశారు. ముఖం మారిపోయింది. లుంగీ పైకి మడిచి, తువ్వాలు తలకు చుట్టారు.

"ఆడవాళ్ళు ఇటు రాకండి, సెగ కొడుతుంది" అన్నారు. "మా నాన్న పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి దగ్గర నిలబడితే ఊరంతా చూసేది. బావా, కట్టెలు పట్రా! తమ్ముడూ, ఉల్లిపాయలు తరుగు!"

ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకోని మనిషి ఆయన. ఆడపడుచు వాళ్ళాయన కట్టెలు మోస్తున్నాడు, మా ఆయన ఉల్లిపాయలకు ఏడుస్తున్నారు. నేను నోరు తెరుచుకుని అక్క వైపు చూశాను. ఆవిడ అప్పటికే జీడిచెట్టు కింద కుర్చీ వేసుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ మీద కాళ్ళు చాపుకుంది.

"నువ్వు వంటగదుల వీడియోలు పెడుతుంటే నాకు ఒకటే భయం" అంది మెల్లగా. "వంటగది ఎంత బాగుంటే నన్ను అంత గట్టిగా అందులో పెట్టేస్తారు. గ్యాస్ ముందు నిలబడితే మగవాళ్ళకు నామోషీ. గాడిపొయ్యి ముందు అయితే మీసం మెలేస్తారు. మా పుట్టింటి వైపూ అంతే."

"నాతో ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నీ మొహంలో తెలిసిపోతుంది."

పాకలోంచి బావగారు కేకేశారు. "ఏమేవ్, కాస్త ఉప్పు చూసి పో!"

నేను లేవబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది. "సరిపోయింది లెండి!" అని కూర్చున్న చోటునుంచే అరిచింది. ఒకసారి వెళ్ళిందా, ఇక గరిటె ఆవిడ చేతికే వస్తుంది.

ఉప్పు సరిపోలేదు. పలావు అడుగంటింది, కోడికూరలో కారం ఎక్కువై పిల్లలు నీళ్ళు నీళ్ళంటూ పరుగులు తీశారు. అక్క మాత్రం పొగలు కక్కే అన్నం ముందు పెట్టుకుని, ఎవరికేం కావాలో చూడకుండా, తల వంచుకుని తింది. రెండోసారి కూడా వడ్డించుకుంది. ఆవిడ వేడన్నం తినడం నేను అదే మొదటిసారి చూడటం, అది కూడా అప్పుడే నాకు తట్టింది.

బావగారు తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ మా మధ్యకు వచ్చి, "ఎలా ఉంది?" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల కూడా వేశారు. ఆయన గర్వంగా నిలబడి అందుకున్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతోనే. ఒక్క పూట మాడు పలావుకి ఇంత సంబరం. ఇన్నేళ్ళు వండిన ఆవిడకు ఏనాడూ ఒక్కరం చప్పట్లు కొట్టలేదే. చేతులు ఒళ్ళో పెట్టుకుని బిగదీసుకుని కూర్చున్నాను.

అక్క మోచేత్తో నన్ను పొడిచింది. "కొట్టు" అంది పెదాలు కదపకుండా.

"నేను కొట్టను."

"పిచ్చిదానా, గట్టిగా కొట్టు. రేపటికి కూడా ఆయనే వండుతారు."

లేచి నిలబడి మరీ కొట్టాను.