మాస్టారి పేరు పక్కన ఒక ఈజిప్టు మాట

సింగపూర్‌లో మా తెలుగువాళ్ల గ్రూపులో ఎవరైనా పోతే సంతాప వాక్యాలు రాసేది నేనే. మిగతావాళ్లు ‘ఓం శాంతి’ అని, జోడించిన చేతుల బొమ్మ ఒకటి పడేసి పనిలో పడతారు. నేను మాత్రం నాలుగు పేరాలు రాసి, సైన్స్ పార్క్ ఆఫీసులో మీటింగు మధ్యలో ఎవరెవరు మెచ్చుకున్నారో చూసుకుంటాను. చావు మీద చప్పట్లు ఏరుకునే బతుకు.

బెడోక్‌లో ఉండే మాస్టారు పోయినప్పుడూ ఆ పని నాకే వచ్చింది. మేమంతా అంకుల్ అనేవాళ్లం. ఆదివారాలు రైళ్లు మారి మేముండే బుకిట్ బటోక్ వచ్చి, మా పిల్లలకు తెలుగు నేర్పేవారు. పలక మీద దిద్దించనిదే ముందుకు కదిలేవారు కాదు. నాకేమో తెర మీద బొమ్మలతో తరగతి నడపాలని, ఉగాది వేదిక మీద శాలువా కప్పించుకోవాలని. ఒకరోజు గ్రూపులో ‘అంకుల్‌కి ఒంట్లో బాగుండటం లేదు, ఇకపై తరగతి నేను చూసుకుంటాను’ అని పెట్టేశాను. ఆ సంగతి ఆయనకూ గ్రూపులోనే తెలిసింది. వారం తిరక్కుండా జనం కమలాపళ్లు పట్టుకుని పరామర్శకు వెళ్లారు. ‘నాకేం, బాగానే ఉన్నాను’ అని ఆయనంటే, ఎంత గుండె నిబ్బరమో అని మెచ్చుకుని వచ్చారు. ఆయన నన్ను బయటపెట్టలేదు. నేను దాన్ని అంగీకారం కింద జమకట్టుకున్నాను.

ఆయన పోయేనాటికి నా దగ్గర ఒక కొత్త మాట ఉంది. ఏదో ఎగ్జిబిషన్‌లో శవపేటిక పక్కన చదివాను: మా-ఖెరు. ప్రాచీన ఈజిప్టులో పోయినవాడి పేరు వెంట రాసేవారట. ‘పలుకు నిజమైనవాడు’ అని అర్థం. పరలోకంలో గుండెను ఈకతో తూచి, చేసినవన్నీ అడిగి, నెగ్గినవాడికి ఇచ్చే మాట. వ్యాజ్యం గెలిచినవాడినీ అలాగే అనేవారట. రానురాను మన ‘కీర్తిశేషులు’ లాగే ప్రతి పేరుకూ తగిలించారు. కొందరు పెద్దమనుషులు బతికుండగానే సమాధి కట్టించుకుని ముందే చెక్కించుకున్నారట. వాళ్లను చూసి నేను నవ్వుకున్నాను కూడా.

సంతాప సభకు ముందు, రాసింది అంకుల్ భార్యకి, ఆంటీకి చూపించాను. ‘అనారోగ్యం వల్ల తరగతి మానుకున్నా మనసు పిల్లల మీదే ఉంచిన అంకుల్, మా-ఖెరు’ అన్నచోట ఆవిడ ఆగింది.

“ఇదేం మాట బాబూ?”

గుండె, ఈక, తీర్పు అన్నీ చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే బాగుంది.

“అంటే అన్నీ అడిగాక వేసే మాటన్నమాట. మరి మీ అంకుల్‌ని ఎవరడిగారు?”

వంటగదిలోంచి వాళ్లమ్మాయి సింగపూర్ ఇంగ్లీషులో అంది: “డాడీ వాజ్ నెవర్ సిక్ లా, అమ్మా. హీ నోస్.” ఆ ‘హీ’ నేనే.

“తరగతి పోయాక కూడా మూడేళ్లు రోజూ సముద్రం దాకా నడిచొచ్చిన మనిషి,” అంది ఆంటీ. “కనపడిన ప్రతివాళ్లూ ‘ఒంట్లో ఎలా ఉందండీ’ అని అడుగుతుంటే, చివరికి ఆ దారే మానేసి ఫ్లాట్ల బ్లాకుల వెనకనుంచి వెళ్లేవారు. ఆ ఈజిప్టు మాట కొట్టేయి బాబూ. ఆయనకి జబ్బు లేదని రాయి. నాకదొక్కటే కావాలి.”

“సభలో బాగుంటుందా ఆంటీ?”

“ఎవరికి?”

సభలో నాలుగు పేరాలు చదవలేదు. “అంకుల్‌కి జబ్బు లేదు. తరగతి ఆయన మానలేదు. అబద్ధం చెప్పి నేను లాక్కున్నాను,” అన్నాను. తర్వాత ఏమీ రాకపోయేసరికి మైకు పోయిందనుకుని ఒకాయన లేచి వైరు సరిచేశాడు. అదే గ్రూపులోనూ పెట్టాను. చదివారో లేదో, నిమిషంలో జోడించిన చేతులు వరుసగా పడ్డాయి. ‘ఎంత హృద్యంగా రాశారు సార్!’ అని ఒకరు. ఇన్నాళ్లూ నేను రాసింది ఎవరికోసమో అప్పుడు తెలిసింది.

ఆంటీ నన్ను క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. ఇప్పుడు ఆవిడ రోజూ పొద్దున్నే సముద్రం దాకా నడిచి వస్తోందని వాళ్లమ్మాయి చెప్పింది. బ్లాకుల వెనకనుంచి కాదు, అంకుల్ పాత దారిలోనే.