పెద్దమ్మ మార్చేసిన దావత్

మా ఇంటి ఓనరు పెద్దమ్మ ఇక లేదన్న కబురు నాకు ఆఫీసు లిఫ్టులో ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆమెను చూసుకునే నర్సమ్మ. "అక్కా, పెద్దమ్మ పోయింది. నిద్రల్నే పోయింది, నొప్పి లేకుంట," అంది. మెడలో బ్యాడ్జీలు వేసుకున్న జనం మధ్య నిలబడి ఏడ్చేశాను. ఏ అంతస్తులో దిగానో కూడా చూసుకోలేదు. అయితే ఈ నాలుగు మాటలూ ఏడుస్తూ రాయను. ఏడుపు మొహాలంటే ఆమెకు అసలు గిట్టదు. పైగా ఆమెను తలుచుకోగానే నాకు ముందు గుర్తొచ్చేది ఒక సాయంత్రం హోటల్లో జరిగిన దావత్! ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ల మధ్య మిగిలిపోయిన పాత ఇళ్లలో ఆమెది ఒకటి. కింద కొడుకూ కోడలితో ఆమె, పై పోర్షన్‌లో కిరాయికి నేను. మాది అనంతపురం వైపు. దిగిన రోజే మెట్లెక్కి అన్నం, పచ్చిపులుసు తెచ్చిపెట్టింది. మొహమాటపడితే, "కిరాయి ఇంటికే బిడ్డా, ఆకలికి గాదు. తిను," అంది. కరెంటు మీటరు చూడవచ్చినవాడైనా, గ్యాస్ బండ తెచ్చినవాడైనా ఆ గడపలో ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా కదిలేవాడు కాదు.

క్యాన్సర్ ముదిరాక దవాఖానవాళ్లు ఇంటికి పంపేశారు. అప్పట్నుంచి ఒక సేవాసంస్థ నర్సులు వ్యాన్‌లో వచ్చి పుండు కడిగి, కట్టు కట్టి, నొప్పి మందు సరిచూసి వెళ్లేవాళ్లు. "ఫికర్ జేస్తె పుండు మానుతదా?" అని వాళ్లకే ధైర్యం చెప్పేది పెద్దమ్మ. ఒక్క విషయంలోనే ఉడుక్కునేది. వాళ్లు ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు. లేనివాళ్లు అప్పు చేసి మరీ టిఫిన్లు పెడుతున్నారని, పేషెంట్ ఇంట్లో ఏమీ తినకూడదన్న నియమం పెట్టుకున్నారు.

"నా ఒళ్లంత ముట్టుకుంటరు, నా ఇంట్ల ముద్ద ముట్టరు. ఇదేం న్యాయమే?" అని నాతో తగువు. "పోయేలోపల గా పిల్లలకు నా చేత్తోని పెట్టాలె. ఇంకేం కోరిక లేదు నాకు."

అదే సమయంలో మా కంపెనీ, చుట్టుపక్కల ఇంకొన్ని కంపెనీలు కలిసి ఆ సంస్థకు విరాళాలు సేకరించడానికి హైటెక్ సిటీలో గాలా డిన్నర్ తలపెట్టాయి. పుప్పాలగూడ వైపు ఊళ్లకు ఇంకో వ్యాన్, ఇంకొందరు నర్సులు కావాలి. ఏర్పాట్ల కమిటీలో ఉన్న నేను, స్టేజీ మీద నాలుగు మాటలు చెప్పమని పెద్దమ్మను అడిగాను.

"గాలా అంటె ఏందే?"

"పెద్ద హోటల్లో విందు పెద్దమ్మా. నర్సులు కూడా వస్తారు."

"దావత్ అని చెప్పరాదు!" అని నా చెయ్యి పట్టుకుంది. "హోటల్ అంటె నా ఇల్లు గాదు గద?"

ఇక ఆమెకు పగ్గాల్లేవు! వీధంతా చాటింది. చీరలన్నీ మంచం మీద పరిపించింది. విగ్గు వద్దని, జుట్టు ఊడిన తలకు జరీ కండువా చుట్టించుకుంది. ఆ మధ్యాహ్నం నన్ను పీట మీద కూర్చోబెట్టి బచ్చాలు, అదే బొబ్బట్లు, చేయించింది. "మా వైపు వీటిని ఓళిగలంటారు," అన్నాను. "ఏమన్న అను గని, అంచులు మందమైనయి, జర పల్చగ ఒత్తు," అంది. స్టీలు డబ్బా కొంగు కింద దాచుకుని వీల్‌చైర్‌లో బయల్దేరింది. బయటి తిండి లోపలికి తేకూడదని గేటు దగ్గర సెక్యూరిటీ అతను అంటే, "మందులు బిడ్డా," అంది రెప్ప వేయకుండా.

హాలు ధగధగలాడుతోంది. ఆమె ఆ దీపాల వంక చూడనైనా లేదు, నర్సుల కోసం వెతికింది. వాళ్లు యూనిఫాంలో తలుపుల దగ్గర నిలబడి అతిథులకు పూలు అందిస్తున్నారు. మా కమిటీ వేసిన కుర్చీల ప్లానులో వాళ్లకు చోటే లేదు. అందరి భోజనాలూ అయ్యాక వెనక గదిలో తింటారట.

మైకు ఆమె చేతికిచ్చాను. నేను నేర్పిన మాట ఒక్కటీ మాట్లాడలేదు.

"మా ఇండ్లల్ల పెండ్లయితె పిలిచినోల్లు వడ్డిస్తరు, వచ్చినోల్లు కూసొని తింటరు. ఈ దావత్ ఇచ్చింది మీరు గద సారూ? మరి ఇల్లిల్లు తిరిగి మా పుండ్లు కడిగే పిల్లలు నిలవడ్డరేంది, మీరు కూసున్నరేంది?"

విరాళాలిచ్చే పెద్దవాళ్లకు కోపం వస్తే మా వ్యాన్ గతేమిటని భయపడ్డాను. అప్పుడు ముందు టేబుల్ దగ్గర తల నెరిసిన ఒక కంపెనీ డైరెక్టరుగారు లేచి, కోటు విప్పి, దగ్గరలో ఉన్న నర్సుకు తన కుర్చీ జరిపారు. ఆ తర్వాత చూడాలి సంబరం! కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి, గరిటెలకు పోటీ పడ్డారు. ఒకాయన బిర్యానీ చెంచాతో కొసరి కొసరి పెడుతుంటే, "గది వడ్డించుడా సారూ, మందు పోసుడా? నిండ పెట్టు!" అని మైకులోనే అరిచింది. నవ్వులతో హాలు దద్దరిల్లింది. విరాళాలు అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చాయి. ఆ రెండో వ్యాన్ ఇప్పుడు నార్సింగి దాకా తిరుగుతోంది.

పెద్దమ్మ కొంగు కింది డబ్బా తీసి నర్సమ్మను పిలిచింది. "ఇది నా ఇల్లు గాదు. ఇగ నీ రూలు ఏడికి పాయె?" నర్సమ్మ నవ్వుతూ నోరు తెరిచింది. పెద్దమ్మ బచ్చం తుంచి ఆమె నోట్లో పెట్టింది, ముఖం వెలిగిపోయింది.

"మరి నా ఇంట్ల ఎప్పుడు తింటవే?"

"నువ్వు మా పేషెంట్ గానప్పుడు తింట పెద్దమ్మా. బాగైనంక."

"అయితె జల్దినే తింటవు," అని నా వైపు చూసి కన్ను గీటింది.

పెద్దమ్మ పోయాక, దినాల రోజు నర్సులు వ్యాన్ దిగి, అదే యూనిఫాంలో ఇంటికొచ్చారు. మొదటి బంతిలో కూర్చోమని చాప పరిచాను. "ఇంటోల్లు ఆఖరి బంతిల గద అక్కా తినేది," అని నర్సమ్మ నా చేతిలోంచి పప్పు బకెట్ తీసుకుంది. వీధి జనమందరికీ వాళ్లే వడ్డించారు. ఆఖరున, పెద్దమ్మ మంచం ఉండేచోట వరసగా కూర్చున్నారు. నేను వడ్డించాను. నర్సమ్మ విస్తరిలో అన్నం కుప్ప చేసి, మధ్యలో వేళ్లతో గుంట చేసి తలెత్తింది.

"అక్కా, జర పచ్చిపులుసు పొయ్యి. నిండ పొయ్యి."