గున్‌వోర్ పిలిచిన దుగ్నాద్

స్కార్‌విక ఊళ్ళో గున్‌వోర్ నోరు మంచిదని ఎవరూ అనరు. మాట మాత్రం మంచిది. వస్తానంటే వస్తుంది, ఇస్తానంటే ఇస్తుంది. వయసంతా చేపల షెడ్డులో కాడ్ చేపలు కోసి, మోకాళ్ళు అరిగిపోయి ఇంట్లో కూర్చున్న మనిషికి ఆ మాట తప్ప ఆస్తేముంది? అది ఊడగొట్టడానికి మున్సిపాలిటీకి ఏడాది కూడా పట్టలేదు.

పిల్లలు తగ్గిపోయారని సముద్రపు పాయ ఒడ్డున ఉన్న బడిని మూసేశారు. పెళ్ళి విందైనా, చావు తర్వాత కాఫీ అయినా, ఆ ఊరికి నలుగురు కూర్చునే చోటు అదొక్కటే. అది పోతే ఎవరింట్లో వాళ్ళు టీవీ ముందు ముసలివాళ్ళవడమే. సరిగ్గా అప్పుడే మున్సిపాలిటీ నుంచి హెన్నింగ్ అనే గ్రామాభివృద్ధి సలహాదారు దిగాడు. కొత్త బూట్లు, తెల్లటి పళ్ళు.

"ముందు ఊరే ఒక అడుగు వెయ్యాలి గున్‌వోర్. మీరు బడి బాగుచేసుకోండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

"బాగుచేస్తే బడి మాదేనా?"

"మీది కాకపోతే ఇంకెవరిది?" అని నవ్వాడు.

అది కాగితం మీద పెట్టమని ఆమె అడగలేదు. ఆ ఊళ్ళో ఎవరూ అడగరు. కలిసి చేసే పనికి కాగితం అడగడమంటే ఎదుటివాణ్ణి మొహం మీదే దొంగా అన్నట్టు. ఆ మర్యాదే కొంప ముంచింది.

గున్‌వోర్ ఊరిని దుగ్నాద్‌కు పిలిచింది. కూలి లేకుండా అందరూ కలిసి చేసే పని అది. ఇష్టంతో వచ్చేవాళ్ళు కొందరు, రాకపోతే జనం ఏమనుకుంటారోనని వచ్చేవాళ్ళు ఎక్కువ. పక్కింటి ఓడ్‌వార్ మాత్రం గుమ్మంలోనే సణిగాడు.

"మున్సిపాలిటీ వాడి బడికి పైకప్పు నేనెందుకు వెయ్యాలి?"

"వాడిది కాదు, మనది. నా మాట మీద రా."

"నీ మాటంటే వస్తా. వాడి మాటకైతే మా కుక్క కూడా రాదు."

వచ్చాడు. వేసవిలో సెలవు దొరికినప్పుడల్లా అందరూ ఆ కప్పు మీదే. రాతిపలకలు దించి, కుళ్ళిన చెక్క మార్చి, మళ్ళీ పేర్చారు. వానలో తడుస్తూనే సాసేజ్‌లు కాల్చుకు తిన్నారు, ఒకరినొకరు ఏడిపించుకున్నారు. ఎన్నో ఏళ్ళకి ఆ ఊరు ఊరిలా ఉంది. గున్‌వోర్ గర్వపడింది. ఎందుకు పడదు?

మంచు పడకముందే మున్సిపాలిటీ బడిని అమ్మేసింది. ఓస్లో దంపతులెవరో సెలవులు గడపడానికి కొనుక్కున్నారు. కారే కప్పును చూసి మొహం తిప్పుకున్నవాళ్ళు, ఊరు బాగుచేసి పెట్టేసరికి ఎగబడ్డారు. గున్‌వోర్ బస్సెక్కి హెన్నింగ్ దగ్గరికి వెళ్ళింది.

"మాదే అన్నావు కదయ్యా!"

"ఆ ఉద్దేశంతో అనలేదు గున్‌వోర్. అది కౌన్సిల్ నిర్ణయం. కానీ మీ ఊరి చొరవ అద్భుతం! పక్క ఊళ్ళకు మిమ్మల్నే చూపిస్తున్నాం."

వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టకుండా వచ్చేసినందుకు తర్వాత చాలాసార్లు తనను తానే తిట్టుకుంది.

ఊళ్ళో ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అదే ఘోరం. ఎవరైనా అరిస్తే తనూ అరిచేది, లేదా క్షమించమనేది. కొట్లో కనబడితే నవ్వారు, వాన గురించి మాట్లాడారు, తమ సరుకులు తీసుకుని వెళ్ళిపోయారు.

వసంతంలో తుఫానుకి పడవల రేవు గట్టు కూలింది. ఇందులో మున్సిపాలిటీకి ఏ సంబంధమూ లేదు, గట్టు అచ్చంగా ఊరిదే. గున్‌వోర్ ఇల్లిల్లూ తిరిగి శనివారం దుగ్నాద్ అని చెప్పింది. అందరూ "చూద్దాం" అన్నారు.

శనివారం పొద్దున్నే రేవులో బల్ల వేసి, కాఫీ కాచి కూర్చుంది. పనికి రాలేనివాళ్ళు కేకు పంపడం అక్కడి మర్యాద. ముందుగా ఓడ్‌వార్ వచ్చాడు, చేతిలో డబ్బాతో.

"నడుం పట్టేసింది గున్‌వోర్. యాపిల్ కేకు, మా ఆవిడ చేసింది."

"నిన్న పడవ ఒక్కడివే ఒడ్డుకి లాగావు. నేను చూశాను."

 డబ్బా బల్ల మీద పెట్టి, కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఒకరికి పంటినొప్పి, ఒకరికి చుట్టాలు, ఇంకొకరికి గొర్రె ఈనుతోంది. మధ్యాహ్నానికి బల్ల మీద చోటు లేదు. బాదం కేకు, చాక్లెట్ కేకు, క్రీము కేకు, ఊళ్ళో ప్రతి ఇంటి నుంచీ ఒకటి వచ్చింది. రాయి ఎత్తడానికి రెండో మనిషి మాత్రం రాలేదు.