పెచ్చు కింద మొలకలు

ఆ ఏడు బేతంచెర్ల దారిలో పోయేవాళ్లకు పొద్దున్నే చేనులో గొంతుక్కూర్చున్న ఓబులమ్మ కనిపించేది. పక్కనున్న నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ వదిలే తెల్ల బురద, వాన పడితే ఆమె వేరుశనగ చేను మీదికి పారి, ఎండకు పెచ్చు కట్టేది. మొలకలు దాన్ని చీల్చుకుని రాలేకపోయేవి. అందుకని ఆమె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, సాలు వెంబడి జరుగుతూ, చూపుడువేలితో పెచ్చు చిట్లించి తీసేది. గోళ్ల నిండా సున్నం మెత్తినట్టు తెలుపు. మొలకకు గోరు తగిలితే "అయ్యో, నొచ్చిందా తల్లీ" అనేది.

ఒకరోజు ఫ్యాక్టరీ యజమాని మద్దిలేటి బైకు ఆపాడు. "శానా కష్టపడతాండావు పెద్దమ్మా. ఈ చేను నాకు బాడుగకియ్యి, రాళ్లు పేర్చుకుంటా" అన్నాడు.

"బాడుగ మాట తర్వాతప్పా. ఈడ కూచ్చో, ఆ పెచ్చు తియ్యి" అంది ఓబులమ్మ.

అతను నవ్వుతూనే తీశాడు. కింద మొలక మెడ వంచుకుని, పాలిపోయి, మెలి తిరిగి ఉంది. పక్కది కుళ్లిపోయింది. అతని నవ్వు ఆగింది. ఆ సాలు చివరిదాకా తీసి, బైకెక్కి వెళ్లిపోయాడు.

మర్నాడు జేసీబీ వచ్చి ఫ్యాక్టరీ ఆవరణలోనే బురదకు గుంత తవ్వింది. అయినా ఆ ఏడు సగం చేనే పండింది. పంట తీశాక ఓబులమ్మ మిగతా సగంలో తెల్లపొర గీకి, పశువుల ఎరువు చల్లుతుంటే మద్దిలేటి గట్టు మీద ఆగాడు.

"ఇది మల్లా పండుతాదా పెద్దమ్మా?"

"నీరసపడుండాదప్పా" అంది ఆమె తలెత్తకుండా. "రెండు వానలు తాగనీ."